గప్పీల తోకలు: ముందు నీళ్లు, తర్వాత మందు

నేను కడపలో, యెర్రముక్కపల్లెలో బట్టలు కుడతాను. కుట్టుమిషన్‌కు ఎడమవైపు గోడలో కడప బండలతో కట్టిన అలమర ఉంది. దాని కింది అరలో రెండడుగుల గాజు తొట్టి, అందులో గప్పీ చేపలు. తొమ్మిదేళ్లుగా పెంచుతున్నాను. మా వీధి పిల్లలకు ఈ సంగతి తెలుసు కాబట్టి, ఇంట్లో చేపకు ఏదైనా అయితే డబ్బాలో వేసుకుని నా దగ్గరికి తెస్తారు. పోయిన నెల ఒక పిల్లోడు అలాగే వచ్చాడు. "అత్తా, దీని తోక సగం పోయింది. ఏం మందు వేయాల?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మందు సంగతి తర్వాత చెప్తా. తొట్లో నీళ్లు ఎప్పుడు మార్చినావు నాయనా?"

"రెండు నెల్లయింది అత్తా. తేటగానే ఉండాయి కదా!"

తోకల జబ్బులన్నీ దాదాపు ఈ మాట దగ్గరే మొదలవుతాయి. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. చేప తన మొప్పల నుంచి, విసర్జన నుంచి అమ్మోనియాను నీళ్లలోకి వదులుతూనే ఉంటుంది. తినకుండా అడుగున మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. దానికి రంగు లేదు. కంటికి కనిపించదు. అది చేప ఒంటి మీది జిగురు పొరను, మొప్పలను కాలుస్తుంది. తోక అంచు అన్నిటికంటే పలచన కాబట్టి దెబ్బ అక్కడ ముందు కనిపిస్తుంది. ఆ తర్వాత ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ అంచును పట్టుకుంటుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కడి నుంచో కొత్తగా రాదు, ప్రతి తొట్టిలోనూ ఎప్పుడూ ఉండేదే. చేప బలంగా ఉన్నన్నాళ్లూ దాన్ని ఏమీ చేయలేదు. అందుకే నీళ్లు బాగు చేయకుండా మందు పోస్తే, వారం తర్వాత మళ్లీ అదే తోక, అదే ఏడుపు.

మన ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. మా బోరు నీళ్లకు సబ్బు నురగ సరిగా రాదు. గిన్నెల మీద తెల్ల పొర కడుతుంది. పరీక్ష చుక్కలతో చూస్తే పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) 8 దగ్గర ఉంటుంది. నిజానికి గప్పీకి ఇలాంటి నీళ్లే ఇష్టం. ట్రినిడాడ్, వెనిజులా వైపు వాగుల్లో పుట్టిన చేప ఇది. 1866లో ట్రినిడాడ్ నుంచి వీటిని లండన్‌కు పంపిన లెక్మియర్ గప్పీ అనే ఆయన పేరే దీనికి నిలిచిపోయింది. సున్నపు లవణాలు ఎక్కువున్న నీళ్లలో గప్పీ బాగా ఎదుగుతుంది. కాబట్టి లవణాలు తీసేసే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లతో తొట్టి నింపాలని ఎవరైనా చెబితే వినకండి. చిక్కంతా అమ్మోనియాతోనే. పీహెచ్ 7 ఉన్న నీళ్లతో పోలిస్తే, 8 ఉన్న నీళ్లలో అంతే అమ్మోనియా సుమారు పది రెట్లు విషంగా మారుతుంది. వేడి పెరిగితే ఇంకొంచెం పెరుగుతుంది. వేరే ఊళ్లో ఎలాగో గడిచిపోయే అశ్రద్ధ కడప ఎండల్లో చేప ప్రాణం మీదికి తెస్తుంది.

తోకను ఎలా చూడాలి

నేను రోజంతా బట్ట అంచులు చూసేదాన్ని. చిరుగు వేరు, పీచు లేవడం వేరు, ఎలుక కొరికింది వేరు. చేప తోకనూ అలాగే చూస్తాను.

తోక నిలువునా నీటుగా చీలి, అంచు రంగు మారకుండా, చేప హుషారుగా తిరుగుతూ తింటూ ఉంటే అది చిరుగు. ఎక్కడో తగిలి చిరిగింది. మందు అక్కర్లేదు. నీళ్లు శుభ్రంగా ఉంచితే రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. అయితే ఎక్కడ తగిలిందో వెతకాలి. మొదట్లో నేను అందంగా ఉంటుందని విరిగిన కడప బండ ముక్కలు తొట్టిలో పెట్టాను. ఆ రాయి సున్నపురాయి జాతిదే, గప్పీల నీళ్లకు ఏ చెడూ చేయదు. కానీ విరిగిన చోట దాని అంచు బ్లేడులా ఉంటుంది. మూడు మగ చేపల తోకలు వరుసగా చీలాక గానీ నాకు అర్థం కాలేదు. ఇప్పుడు తొట్టిలో ఏది పెట్టాలన్నా ముందు దాని మీద పాత జార్జెట్ ముక్కను లాగి చూస్తాను. గుడ్డ పోగు తగులుకుంటే తోకా తగులుకుంటుంది. ఆ వస్తువును గరుకు కాగితంతో రుద్దుతాను, లేకపోతే బయట పడేస్తాను. ప్లాస్టిక్ మొక్కల ఆకులను ఇలా తప్పకుండా చూడండి. వాటితోనే ఎక్కువ చిరుగుతాయి.

తోకలో అక్కడక్కడా గుండ్రంగా ముక్కలు పోయి ఉంటే ఎవరో కొరుకుతున్నారు. ఒక అరగంట కదలకుండా కూర్చుని చూస్తే దొంగ దొరుకుతుంది. టైగర్ బార్బులను గప్పీలతో కలిపి ఉంచకూడదు. ఏంజెల్ చేపలనూ అంతే. ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. దోమలు పెరగకుండా మలేరియా సిబ్బంది కుంటల్లో, బావుల్లో గంబూసియా చేపలను వదులుతారు. అవి చూడటానికి అచ్చం ఆడ గప్పీలే. నాగరాజుపేట నుంచి ఒకామె "మా గప్పీలన్నీ తోకలు లేకుండా అయినాయి" అని బాధపడుతూ వస్తే, వాళ్లింటికి వెళ్లి చూశాను. ఆమె కొడుకు కుంటలో పట్టి తెచ్చిన రెండు బూడిదరంగు చేపలు మిగిలిన వాటి వెంటపడి కొరుకుతున్నాయి. అవి గంబూసియాలు. వాటిని వేరే తొట్టిలోకి మార్చాక, ఏ మందూ వేయకుండానే తోకలు తిరిగి వచ్చాయి.

మగవి ఎక్కువై ఆడవి తక్కువైనా వెంటపడటాలు, తోకలు పాడవటం ఉంటాయి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి. పిల్లలు వద్దనుకుంటే అన్నీ మగవే పెంచుకోవచ్చు.

తోక ముడిచిన విసనకర్రలా దగ్గరికి చేరి ఉంటే అది ఒక జబ్బు పేరు కాదు. చేప బాగా లేదని చెప్పే గుర్తు. నీళ్లు చెడినా, వేడిమి ఒక్కసారిగా మారినా, ఒంటి మీద కంటికి కనిపించని పురుగులున్నా ఇలాగే ముడుచుకుంటుంది. వెంటనే పావు వంతు నీళ్లు మార్చండి. మరునాటికి విప్పుకుంటే నీళ్లదే తప్పు. విప్పుకోకుండా రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే పురుగుల్ని అనుమానించాలి.

ఇక తోక కుళ్లు. అంచు పీచులు పీచులుగా లేస్తుంది, ఆ అంచున తెల్లటి గీత కనిపిస్తుంది, ఒక్కోసారి ఎర్రగా ఉంటుంది. రోజురోజుకూ తోక పొట్టిదవుతుంది. రోజూ ఒకే వేళకు ఫోన్‌తో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. కుళ్లు తోక మొదలుకు, అంటే కండ దగ్గరికి చేరకముందే పని మొదలుపెట్టాలి. మొదలు తిన్నాక తోక మళ్లీ రావడం కష్టం.

రోజువారీ పని

మాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టి. నీళ్లు పట్టిన మేరకు టేపుతో కొలిస్తే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 45 లీటర్లు. రాళ్లు ఆక్రమించిన చోటు తీసేస్తే 40. మీ తొట్టిని ఇలా కొలిచి ఆ లెక్క తొట్టి వెనక రాసి అంటించుకోండి. మందు గానీ ఉప్పు గానీ వేసేటప్పుడు ఉజ్జాయింపు పనికిరాదు.

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. ఆ స్పాంజ్ పనల్లా చెత్త పట్టడమే అనుకుంటారు. అసలు పని దానిలో కాపురం ఉండే మంచి బ్యాక్టీరియాది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది అదే. మొదటి రెండూ విషాలు. మూడోది కొద్దిగా ఉంటే పరవాలేదు, పెరిగే కొద్దీ నీళ్లు మార్చి తగ్గించాలి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్నరోజే పది చేపలు వేస్తే మొదటి నెలలోనే తోకలు కుళ్లేది ఇందుకే.

మొదటి ఏడాది నేను ఈ మాట తెలియక చేపల్ని పోగొట్టుకున్నాను. పండగ ముందు ఇల్లు కడుగుతూ తొట్టినీ మొత్తం ఖాళీ చేశాను. రాళ్లు బకెట్లో వేసి రుద్దాను, స్పాంజ్‌ను కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండాను. అద్దంలా మెరిసింది తొట్టి. నాలుగు రోజుల్లో పదకొండు చేపలు చనిపోయాయి. మంచి బ్యాక్టీరియానంతా నా చేతులతోనే కడిగేశాను. అప్పుడు ఒక దుకాణంలో నీలి మందు ఇచ్చి, రోజూ నాలుగు చుక్కలు తొట్టిలో వేయమన్నారు. మిగిలిన కాస్త బ్యాక్టీరియా దానితో పోయింది. ఆ పదకొండు చేపలు ఇప్పటికీ గుర్తున్నాయి. వాటి వల్లే ఇదంతా నేర్చుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం పావు వంతు, అంటే పది పన్నెండు లీటర్లు మాత్రమే మారుస్తాను. సన్న పైపుతో అడుగున చేరిన మురికిని లాగుతాను. ఆ తీసిన నీళ్లలోనే నెలకోసారి స్పాంజ్‌ను రెండు మూడు సార్లు మెల్లగా పిండుతాను. కుళాయి కింద పెట్టను. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పాటి బకెట్లో ఒక రోజంతా నిలవబెట్టి వాడాలి, లేదా అక్వేరియం దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు. అయినా ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నుంచి వేడిగా దిగుతాయి, చల్లారనివ్వాలి. చెయ్యి పెట్టి చూస్తే తొట్టి నీళ్లకూ బకెట్ నీళ్లకూ తేడా తెలియకూడదు.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. వారంలో ఒక పూట పస్తు పెడితే వాటికి మంచిదే. మేత డబ్బా పెద్దది కొనకండి. మూత తీసి నెలలు గడిస్తే సత్తువ పోతుంది.

ఎండాకాలం

గప్పీకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. మే నెలలో కడపలో బయట 42, 43 ఉన్నప్పుడు మా గదిలో తొట్టి నీళ్లు 33 దాకా పోయిన రోజులున్నాయి. నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఇదే. తొట్టి మూత తీసి, పైన వల గుడ్డ కట్టి, నీటి మీదికి గాలి తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాజు చుట్టూ తడి గోనె కప్పినా కొంత నయం. ఐసు గడ్డలు నేరుగా వేయకండి. వేడిమి ఒక్కసారిగా పడిపోతే తోకలు ముడుచుకుంటాయి. అరలీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూతతోనే తొట్టిలో తేలేయండి, రెండు డిగ్రీలు తగ్గగానే తీసేయండి.

ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరై రోజుకు ఒక లీటరు దాకా తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. ఆ లోటును బోరు నీళ్లతో పూడిస్తే రోజురోజుకూ ఉప్పదనం పెరుగుతూ పోతుంది. అందుకని ఆవిరైన నీళ్లకు బదులు మాత్రం ఇంట్లో తాగే ఫిల్టర్ నీళ్లు పోస్తాను. వారం వారం మార్చేటప్పుడు బోరు నీళ్లే.

కరెంటు పోతే ఎయిర్ పంపు ఆగుతుంది. గంట దాటితే గ్లాసుతో తొట్టి నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి. మా ఇంట్లో అందరికీ ఈ పని అలవాటే. ఎక్కువసేపు పోయే చోట బ్యాటరీ పంపు ఒకటి కొని పెట్టుకోవడం మేలు. కరెంటు పోయిన పూట మేత వేయకూడదు.

కుళ్లు పట్టిన చేపకు ఉప్పు వైద్యం

ముందు పెద్ద తొట్టిలో 30 శాతం నీళ్లు మార్చండి, అడుగున మిగిలిన మేత లాగేయండి. రెండు రోజుల తర్వాత మళ్లీ అంతే. మిగిలిన చేపలకు ఇదే చికిత్స.

కుళ్లు పట్టిన చేపను విడిగా పెట్టడానికి 10 లీటర్లు పట్టే తెల్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. సబ్బు తగలనిది కావాలి. పెద్ద తొట్టి నీళ్లే 10 లీటర్లు పోసి, ఎయిర్ పంపు రాయి (గాలి బుడగలు వదిలేది) వేసి, పైన గుడ్డ కట్టండి. గప్పీలు ఎగిరి పడతాయి. చేపను వలతో పట్టకండి, చిరిగిన అంచు వలకు తగులుకుంటుంది. గ్లాసు ముంచి నీళ్లతో సహా ఎత్తండి.

ఏ పొడీ కలపని కల్లుప్పు తీసుకోండి. అంగట్లో పొట్లాలుగా తూకం వేయించి తెచ్చుకుంటే చెంచాల గొడవ ఉండదు. మొదటి రోజు 10 గ్రాములు. ఉప్పును ఒక చెంబు నీళ్లలో పూర్తిగా కరిగించి, గంట వ్యవధిలో కొంచెం కొంచెంగా పోయాలి. గడ్డలు చేప మీద పడకూడదు. రెండో రోజు 5 లీటర్లు తీసేసి, 5 లీటర్ల కొత్త నీళ్లలో 15 గ్రాములు కరిగించి పోయండి. అప్పుడు టబ్బులో మొత్తం 20 గ్రాములు అవుతుంది. మూడో రోజు మళ్లీ 5 లీటర్లు తీసి, 20 గ్రాములు కలిపిన 5 లీటర్లు పోయండి. ఇప్పుడు లీటరుకు 3 గ్రాములు. ఇక్కడ ఆగాలి. నాలుగో రోజు నుంచి రోజూ 5 లీటర్లు తీసి, 15 గ్రాములు కలిపిన 5 లీటర్లు పోస్తూ పదో రోజుదాకా ఉంచండి. టబ్బులో ఫిల్టర్ ఉండదు కాబట్టి ఈ రోజువారీ మార్పు ఒక్క రోజు కూడా మానకూడదు. మేత చిటికెడులో సగం.

ఎండి రాలిన బాదం చెట్టు ఆకును కడిగి ఒకటి వేస్తాను. విసనకర్రల్లాంటి పెద్ద ఆకులుండే మన వీధుల్లోని బాదం చెట్టు. నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి, చేప నెమ్మదిస్తుంది. పసుపు వేయమని చాలామంది చెబుతారు. నేను వేయను. అది కరగదు, అడుగున చేరి నీళ్లను మురికి చేస్తుంది.

పెద్ద తొట్టిలో ఉప్పు వేయకపోవడానికి కారణం మొక్కలు. నాచు జాతి మొక్కలు ఉప్పుకు తట్టుకోలేవు. నత్తలూ అంతే.

నాలుగైదు రోజులకు తెల్ల గీత మాయమైతే కుళ్లు ఆగినట్టు. గాయం మీద దూదిలా తెల్ల పోగులు లేస్తే అది బూజు. దానికి మెథిలీన్ బ్లూ పనిచేస్తుంది. సీసా మీద ఉన్న కొలత ప్రకారం, టబ్బులో మాత్రమే వేయాలి. పెద్ద తొట్టిలో వేస్తే స్పాంజ్‌లో బ్యాక్టీరియా చస్తుంది, గాజు అతుకులన్నీ నీలంగా మారతాయి.

నోటి చుట్టూ బూడిద రంగు తెలుపు, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన మచ్చ, వాటితో పాటు తోక వేగంగా పోతూ ఉంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది, మిగిలిన వాటికీ పాకుతుంది. వేడి నీళ్లలో ఇంకా వేగం. కాబట్టి జబ్బు చేపకు నీళ్లు వేడి చేయాలని కొందరు చెప్పే మాట ఇక్కడ పొరపాటు. ఉప్పు ఒక్కటే చాలదు, సరైన యాంటీబయాటిక్ కావాలి. అయితే ఇంట్లో మిగిలిన మనుషుల క్యాప్సూళ్లు విప్పి పోయకండి. ఏ మందో, ఎంతో తెలియకుండా వేస్తే చేపా దక్కదు, మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది. పశువైద్యులను అడగండి. మన జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. చేప ఫొటో, వీడియో, నీళ్ల వివరాలు రాసుకుని వెళితే వాళ్లకు చెప్పడం తేలిక.

ఒక జాగ్రత్త మీ చేతులకు. నా వేళ్లకు ఎప్పుడూ సూది గుచ్చుకున్న గాట్లు ఉంటాయి. చేపల్లో వచ్చే ఒక రకం క్షయ బ్యాక్టీరియా మనిషి చర్మంలోకి గాట్ల ద్వారా దిగి, నెలల తరబడి మానని పుండు చేస్తుంది. వెన్ను వంగి, ఎండిపోయి, ఎంత తిన్నా చిక్కిపోయే చేప ఉంటే దీన్ని అనుమానించాలి, దాన్ని వెంటనే వేరు చేయాలి. గాయం ఉన్న చేతిని గ్లవుజు లేకుండా తొట్టిలో పెట్టకండి. పైపుతో నోటితో నీళ్లు లాగకండి.

పది రోజులు నిండాక మూడు రోజుల పాటు ఉప్పు లేని నీళ్లతో రోజూ సగం మార్చి, అప్పుడు చేపను పెద్ద తొట్టికి చేర్చండి. కొత్తగా వచ్చే తోక మొదట గాజులా కనిపిస్తుంది, రంగు ఎక్కడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. అది జబ్బు తిరగబెట్టడం కాదు, దాన్ని చూసి టెన్షన్ పడి మళ్లీ ఉప్పు వేయకండి. కొత్త చేపలు కొన్నప్పుడు కూడా ఇదే టబ్బులో, ఉప్పు లేకుండా, మూడు వారాలు విడిగా పెట్టి చూశాకే పాత వాటితో కలపండి. సంచిలో వచ్చిన అంగడి నీళ్లు తొట్టిలో పోయకండి.

ఆ పిల్లోడి చేప నా టబ్బులో పద్నాలుగు రోజులు ఉంది. వాడు రోజూ బడి నుంచి నేరుగా వచ్చి, తనే 15 గ్రాముల పొట్లం విప్పి కరిగించేవాడు. చేపను తీసుకుపోయేటప్పుడు మా స్పాంజ్‌ను పిండిన గోధుమరంగు నీళ్లు ఒక సీసాలో పోసి ఇచ్చాను. వాళ్ల ఫిల్టర్ దగ్గర పోయమన్నాను. తర్వాత టబ్బును, గ్లాసును, ఎయిర్ రాయిని కడిగి మిద్దె మీద మన కడప ఎండలో రెండు రోజులు ఆరబెట్టాను.